ఒక్క ట్యాంకుకు 3 కోట్ల యూరోలా? ఆ డబ్బంతా ఎక్కడికి పోతోంది?

సందేహాల పుట్ట

అందరికీ నమస్తే. ట్యాంకుల ధరల వార్తలు చదివీ చదివీ బుర్ర వేడెక్కిపోయింది. 2022లో పోలండ్ దక్షిణ కొరియాతో 180 కే2 ట్యాంకులకు 337 కోట్ల డాలర్ల ఒప్పందం చేసుకుంది. భాగిస్తే ఒక్కోటి దాదాపు 1.87 కోట్ల డాలర్లు. 2025లో అదే పోలండ్, అదే కంపెనీతో, మళ్లీ 180కే సంతకం పెట్టింది. ఈసారి 650 కోట్ల డాలర్లు. అంటే ఒక్కోటి 3.6 కోట్లు! మూడేళ్లలో ఇనుము రేటు రెట్టింపైందా ఏంటి?

ఇక జర్మనీ 2023లో 18 లెపర్డ్ 2ఏ8 ట్యాంకులకు 52.56 కోట్ల యూరోలు పెట్టింది. ఒక్కోటి 2.9 కోట్ల యూరోల పైమాటే. ఇంతకీ ట్యాంకు ధర ఎంతని చెప్పుకోవాలి? ఇంత పోస్తే అది ఏం చేస్తుంది? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి, తొందరేం లేదు.

లెక్కల మాస్టారు

పుట్ట గారూ, మీ భాగహారం తప్పేం కాదు, కానీ మీరు భాగిస్తున్నది ట్యాంకుల ధరని కాదు. ఒప్పందం మొత్తాన్ని ట్యాంకుల సంఖ్యతో భాగిస్తున్నారు. వార్తల్లో వచ్చే అంకెలన్నీ దాదాపు ఇలాంటివే.

పోలండ్ రెండో ఒప్పందం తీసుకోండి. 180 ట్యాంకులతో పాటు 80కి పైగా సహాయక వాహనాలున్నాయి: ఆగిపోయిన ట్యాంకులను లాగేవి, వంతెనలు వేసేవి, ఇంజనీరింగ్ పనులకు వాడేవి. పైగా 60కి పైగా ట్యాంకులను పోలండ్‌లోనే తయారు చెయ్యాలి. దానికి ఫ్యాక్టరీని సిద్ధం చెయ్యాలి, టెక్నాలజీ ఇవ్వాలి, అక్కడివాళ్లకు పని నేర్పాలి. మొదటిసారి కొన్నది సరుకు. రెండోసారి కొన్నది సరుకుతో పాటు అది తయారు చేసే విద్య కూడా. అందుకే కొసరు అసలుని మించిపోయినట్టు కనిపిస్తోంది.

పోలండ్ అమెరికా నుంచి కొన్నదీ అంతే. 2022 ఏప్రిల్‌లో 250 ఎం1ఏ2 సెప్‌వీ3 రకం అబ్రామ్స్ ట్యాంకులకు 475 కోట్ల డాలర్లు, ఒక్కోటి 1.9 కోట్లు. అందులోనూ రికవరీ వాహనాలు, వంతెన వాహనాలు, శిక్షణ, విడిభాగాలు కలిసే ఉన్నాయి. 2023 జనవరిలో 116 వాడేసిన ఎం1ఏ1లకు 140 కోట్ల డాలర్లు. సెకండ్ హ్యాండ్ బండికి 1.2 కోట్ల డాలర్లా అని చాలామంది నోరెళ్లబెట్టారు. అదీ ప్యాకేజీయే.

జర్మనీది ఇంకో కథ. ఉక్రెయిన్‌కు ఇచ్చేసిన 18 లెపర్డ్ 2ఏ6ల స్థానంలో 18 కొన్నారు. అంత చిన్న ఆర్డర్‌కు ఎవరైనా ఎక్కువే అడుగుతారు. అలాగని పెద్ద ఆర్డర్ ఇస్తే చవకైపోతుందా? 2024లో 105 లెపర్డ్ 2ఏ8లకు 293 కోట్ల యూరోలు. ఒక్కోటి 2.79 కోట్లు. ఆర్డర్ దాదాపు ఆరు రెట్లైనా తేడా పదమూడు లక్షల యూరోలే. లెపర్డ్ 2 మొదట్లో జర్మనీ సొంత సైన్యానికే 2,125 కట్టారు. అప్పట్లో ఆ సంఖ్యలో లైన్లు నడిచేవి కాబట్టి ధర దిగేది. ఇప్పుడు పదుల్లో, వందల్లో కడితే ఎలా దిగుతుంది?

ఎర్రచీమ

ఈ లెక్కలన్నీ బాగానే ఉన్నాయి మాస్టారూ. కానీ ఐదొందల డాలర్ల డ్రోన్ వచ్చి మీ రెండు కోట్ల డాలర్ల బండిని తగలబెట్టి పోతుంటే ఈ చర్చే దండగ. రెండు రాడ్ల మధ్య పాత ఆర్పీజీ (భుజం మీంచి కాల్చే రాకెట్) వార్‌హెడ్ కట్టి, డ్రోన్ కెమెరా చూపించే కళ్లజోడు పెట్టుకుని నడిపిస్తున్నారు. 2022 నుంచి రష్యా పోగొట్టుకున్న ట్యాంకుల్లో ఫొటోలతో లెక్క తేలినవే 3,000 పైన. ట్యాంకు పనైపోయింది బ్రో, ఒప్పుకోండి.

గొలుసుబండి

ఎర్రచీమ తమ్ముడూ, ఆ విషయానికి వద్దాం, ఆగు. ముందు పుట్ట గారు అడిగింది చెప్పనివ్వు. నేను ట్రాక్ బండ్ల వర్క్‌షాప్‌లో ఒళ్లు హూనం చేసుకున్నవాణ్ని. ఎక్కడ, ఎప్పుడు అన్నది వదిలెయ్యండి.

బయటివాళ్లు ట్యాంకంటే గన్ను, మందపాటి ఇనుము అనుకుంటారు. డబ్బు తినేవి అవి కాదు. లోపలున్న కళ్లు, ఇంజన్, గేర్‌బాక్స్. లెపర్డ్‌లో ఎంటీయూ వాళ్ల వీ12 డీజిల్ ఇంజన్, 47.6 లీటర్లు, 1,500 హార్స్‌పవర్. అబ్రామ్స్‌లోనూ 1,500 హార్స్‌పవరే, కానీ అది గ్యాస్ టర్బైన్, అంటే హెలికాప్టర్ ఇంజన్ జాతి. 1,900 లీటర్ల ఇంధనం పోస్తే రోడ్డు మీద 425 కిలోమీటర్లు వస్తుంది. కిలోమీటరుకు నాలుగున్నర లీటర్లు. అది రోడ్డు మాట. పొలాల్లో పడితే అడక్కండి. పైగా టర్బైన్ నిలబడి ఉన్నా గటగటా తాగుతూనే ఉంటుంది. కెమెరాలు, రేడియోలు నడవడానికి పెద్ద ఇంజన్ ఆన్‌లో పెట్టి కూర్చోవాల్సి వస్తోందనే తర్వాతి మోడళ్లలో విడిగా చిన్న పవర్ యూనిట్, అదనపు బ్యాటరీలు పెట్టారు.

ఇంత ఖరీదైన ఇంజన్ పెట్టి ఏం లాభం అంటారా? లెపర్డ్‌లో ఇంజన్, గేర్‌బాక్స్, కూలింగ్ అన్నీ ఒకే ముద్దగా ఉంటాయి. వెనక మూత ఎత్తి, కేబుళ్లు, పైపుల క్లిప్పులు ఊడదీసి, క్రేన్ కొక్కెం తగిలించి మొత్తం పైకి లేపేస్తారు. చేయి తిరిగిన టీమ్‌కు అరగంట అటూఇటూ పని. కొత్తది దింపి, పాడైనది వెనక్కి పంపిస్తారు. పాత సోవియట్ ట్యాంకుల్లో ఇదే పని రోజులో ఎక్కువ భాగం మింగేస్తుంది. ఇంజన్‌ను గేర్‌బాక్స్‌లతో సరిగ్గా ఒక వరసలో కూర్చోబెట్టేసరికి తల ప్రాణం తోకకొస్తుంది. ధరల పట్టికలో ఆ అరగంట ఎక్కడా కనిపించదు.

ఇక ట్రాకులు, అంటే చక్రాల చుట్టూ తిరిగే ఇనుప గొలుసులు. కొన్ని వేల కిలోమీటర్లు తిరిగేసరికి అరిగిపోతాయి, మొత్తం మార్చాల్సిందే. బురదలో ట్రాక్ జారిందంటే ఆ రోజు అన్నం ఉండదు. ముందు టెన్షన్ వదులు చెయ్యాలి, పిన్ను మీద మట్టి గీకాలి, సుత్తితో బాది బయటికి తియ్యాలి. అది రాదు. వచ్చేలోపు ఒకడి వేలు నలుగుతుంది. డ్రైవర్ అంగుళం అంగుళం జరుపుతుంటే ఇద్దరు గునపాలతో ట్రాక్‌ను స్ప్రాకెట్ పళ్ల మీదకు ఎక్కిస్తారు, ఒకడు ముందు నిలబడి చేత్తో సైగ చేస్తుంటాడు. ఇంజన్ మోతలో అరుపులు వినబడవు కాబట్టి అందరి కళ్లూ ఆ చేతి మీదే.

సందేహాల పుట్ట

గొలుసుబండి గారూ, ఈ ట్రాక్ గోల ఎక్కడా చదవలేదండీ. థాంక్స్. ఇంతకీ "కళ్లు" అన్నారు. అంటే కెమెరాలా? వాటికి అంత ఖరీదా?

నిశాచరి

అది నేను చెప్తాను, నా పిచ్చే అది :)

1991 ఫిబ్రవరి 26న ఇరాక్ ఎడారిలో 73 ఈస్టింగ్ అనే చోట ఇసుక తుఫానులో యుద్ధం జరిగింది. ఇరాకీల దగ్గరున్న సోవియట్ టీ-72 ట్యాంకుల సిబ్బందికి ఎదురుగా ఏముందో కనబడలేదు. అబ్రామ్స్‌లలో, బ్రాడ్లీల్లో (సైనికుల్ని మోసే అమెరికా కవచ బండ్లు) ఉన్నవాళ్లు థర్మల్ సైట్లలో వాటి ఇంజన్ల వేడిని చూసి కొట్టారు. అక్కడ కవచం పరీక్ష దాకా రానేలేదు. ముందు ఎవరు చూశారన్నదే ఫలితం తేల్చేసింది.

ఆ తర్వాత ఎం1ఏ2లో కమాండర్‌కు కూడా విడిగా థర్మల్ సైట్ పెట్టారు. గన్నర్ ఒక టార్గెట్‌ను కొడుతుండగానే కమాండర్ ఇంకో దిక్కున తర్వాతి దాన్ని వెతుకుతాడు. బటన్ నొక్కితే టరెట్ (గన్నున్న తిరిగే పైభాగం) అటు తిరుగుతుంది. దాని వెనక లేజర్‌తో దూరం కొలిచేది, గాలి వేగం చూసే సెన్సార్, గొట్టం వేడికి ఎంత వంగిందో చూసే అద్దం, ఇవన్నీ కలిపి లెక్కేసే కంప్యూటర్, బండి గతుకుల్లో ఎగిరెగిరి పడుతున్నా గన్నును కదలనివ్వని స్టెబిలైజర్ ఉంటాయి. వీటిలో ఒక్కటి తప్పినా గుండు గురి తప్పినట్టే.

రష్యా వాళ్లకూ ఇది తెలుసు. టీ-72బీ3, టీ-90ల్లో పెట్టిన సోస్నా-యూ సైట్‌లో ఫ్రెంచ్ కంపెనీ థాలెస్ థర్మల్ కెమెరా వాడారు. ఆంక్షలతో అది బిగుసుకుపోయాక 2022 తర్వాత కొన్ని ట్యాంకులు తక్కువ రకం సైట్లతో బయటికొచ్చాయి. ఇనుము ఉంది, గన్ను ఉంది, కళ్లకు కొరత.

ఇంకొకటి. 2024 జనవరిలో ఉక్రెయిన్‌లోని అవ్దీవ్కా దగ్గర స్తెపొవేలో రెండు బ్రాడ్లీలు ఒక టీ-90ఎంతో తలపడిన వీడియో చూసే ఉంటారు. బ్రాడ్లీది 25 మిల్లీమీటర్ల తుపాకీ. టీ-90ఎం ముందు కవచానికి అది గీతలు పెట్టగలదు, అంతే. కానీ టకటకా కొట్టి దాని సైట్లు, సెన్సార్లు పాడుచేశారు. చివర్లో టరెట్ అదుపు లేకుండా గిర్రున తిరిగింది. 125 మిల్లీమీటర్ల గన్ను అలాగే ఉంది, వాడే దారి లేకుండా పోయింది.

ఎర్రచీమ

> 125 మిల్లీమీటర్ల గన్ను అలాగే ఉంది

నేను మొత్తుకునేది అదే కదా మేడమ్! ఇంత ఖరీదు పెట్టి చివరికి కళ్లు పోగొట్టుకుంటే సరి. అమెరికా ఉక్రెయిన్‌కు 31 అబ్రామ్స్ ఇచ్చింది. 2024 ఫిబ్రవరిలో యుద్ధంలోకి దిగాయి, ఏప్రిల్ నాటికి డ్రోన్ల దెబ్బకి వాటిని ముందు వరస నుంచి వెనక్కి లాగారని వార్తలొచ్చాయి. రెండు నెలల ముచ్చట. నూరు గొడ్లను తిన్న రాబందు ఒక్క గాలివానకు పోయినట్టుంది.

చరిత్ర చెద

ఎర్రచీమా, ఈ మాట చాలాసార్లు అన్నారు. 1973 అక్టోబర్ యుద్ధంలో ఈజిప్టు సైనికులు సూట్‌కేసులాంటి పెట్టెల్లో సాగర్ అనే ట్యాంకులను కొట్టే మిసైళ్లు మోసుకొచ్చి సినాయ్‌లో ఇజ్రాయెల్ ట్యాంకులను వరసపెట్టి కొట్టారు. కాలినడకన వచ్చేవాడు ట్యాంకును కొడుతున్నాడు, ఇక ట్యాంకుకు నూకలు చెల్లాయి అని అప్పుడూ రాశారు.

ఆ తర్వాత ఏమైంది? ట్యాంకులను ఒంటరిగా పంపడం మానేసి పదాతిదళాన్ని, ఫిరంగులను జతచేశారు. 1982లో లెబనాన్‌లో ఇజ్రాయెల్ ట్యాంకులు పేలుడు కవచపు పలకలు (గుండు తగలగానే తామే పేలి దాని దెబ్బ తగ్గించేవి) తగిలించుకుని దిగాయి. 1980లో వచ్చిన అబ్రామ్స్ ఉత్త ఉక్కు కాకుండా పొరల కవచంతో వచ్చింది. ప్రతి కొత్త ఆయుధానికీ ఒక కొత్త పలక, ఒక కొత్త పెట్టె, ఒక కొత్త రాడార్ చేరుతూ వచ్చాయి. ధర పెరిగిందీ, బరువు పెరిగిందీ అలాగే. అబ్రామ్స్ పుట్టినప్పుడు 54 టన్నులు, ఇప్పుడు 66 దాటింది.

ఎర్రచీమ

సాగర్ మిసైల్ నడపడానికి శిక్షణ కావాలి, అది మామూలుగా దొరికేది కాదు. డ్రోన్ అలా కాదు గురూ, నెలకు వేలల్లో తయారవుతున్నాయి. పోలిక కుదరదు.

చరిత్ర చెద

సంఖ్య విషయంలో నీ పాయింటు బలమైనదే, కాదనను. అందుకే రష్యన్లు ట్యాంకు మీద రేకుల షెడ్డు కట్టేశారు. 2024 వసంతంలో బయటికొచ్చిన ఆ "తాబేలు ట్యాంకులు" చూశావా? టరెట్ తిరగదు, పక్కల ఏముందో కనబడదు. అయినా డ్రోన్ దెబ్బలు తింటూ మందుపాతరల మధ్య దారి చేసుకుంటూ ముందుకెళ్లాయి. ట్యాంకు అక్కర్లేదనుకునేవాడు దానికి అంత రేకు ఎందుకు కడతాడు?

గొలుసుబండి

డ్రోన్ దెబ్బకి ట్యాంకు ఆగింది అన్నప్పుడు లోపలివాళ్లు ఏమయ్యారో కూడా అడగాలి తమ్ముడూ. ధర గురించి మాట్లాడేటప్పుడు అందరూ మర్చిపోయేది అదే.

టీ-72లో గుండ్లు నింపే మనిషి లేడు. ముగ్గురే సిబ్బంది. టరెట్ కింద నేల మీద గుండ్రటి పళ్లెం, అందులో 22 గుండ్లు, వాటిని పేల్చే మందుగుండు. మిగతావి అక్కడక్కడా సర్దుతారు. బండి చిన్నది, పొట్టిది, తేలిక, చవక. కానీ కవచం తెగి లోపల నిప్పు రాజుకుంటే ఆ మందంతా ఒకేసారి అంటుకుంటుంది. టరెట్ గాల్లోకి లేచే వీడియోలు అందుకే అన్ని వచ్చాయి. ముగ్గురూ ఆ మందు పక్కనే కూర్చుని ఉంటారు.

అబ్రామ్స్‌లో గుండ్లలో చాలా భాగం టరెట్ వెనక విడి గదిలో, ఉక్కు తలుపు అవతల ఉంటాయి. నిప్పంటుకుంటే పైకప్పు పలకలు ఊడి మంట ఆకాశంలోకి పోతుంది. బండి పోతుంది, మనుషులు తలుపు తీసుకుని దిగి పరిగెత్తుతారు. లెపర్డ్‌లో ఇది సగమే. 42 గుండ్లలో 15 వెనక గదిలో, 27 డ్రైవర్ పక్కన. 2016 చివర్లో సిరియాలోని అల్-బాబ్ దగ్గర తుర్కియే పోగొట్టుకున్న లెపర్డ్ 2ఏ4ల ఫొటోల్లో టరెట్లు ఊడిపడి ఉన్నది చూడండి. జర్మన్ సరుకైనా మందు పక్కన మనిషిని కూర్చోబెడితే అంతే.

ఇజ్రాయెల్ వాళ్ల మెర్కావా ట్యాంకులో అయితే ఇంజన్నే ముందు పెట్టారు. గుండు ముందు నుంచి దూసుకొస్తే ఇంజన్ అడ్డం. సిబ్బంది వెనక తలుపు నుంచి దిగిపోవచ్చు. కాలిపోయిన బండి స్థానంలో ఇంకోటి కొనుక్కోవచ్చు. బాగా కొట్టే గన్నర్‌ను ఎవడు అమ్ముతాడు?

సగటు పాఠకుడు

కొత్తగా చేరాను, అడగొచ్చా? యాక్టివ్ ప్రొటెక్షన్ అంటారు కదా, వచ్చే మిసైల్‌ను గాల్లోనే పేల్చేసేది. అది పెడితే డ్రోన్ గొడవ తీరిపోదా?

నిశాచరి

స్వాగతం అండీ. ట్రోఫీ అనే ఇజ్రాయెలీ సిస్టమ్ బాగా తెలిసినది. టరెట్ చుట్టూ రాడార్ పలకలు, రెండు పక్కలా చెరో లాంచర్. వచ్చే రాకెట్‌ను పసిగట్టి, తగులుతుందనిపిస్తేనే దాని ముఖాన లోహపు ముక్కల జల్లు కొడుతుంది. 2011 మార్చి 1న గాజా సరిహద్దు దగ్గర ఒక మెర్కావాను నిజమైన దాడి నుంచి మొదటిసారి కాపాడింది. లెపర్డ్ 2ఏ8కి ఇది కంపెనీ నుంచే వస్తోంది. మాస్టారు చెప్పిన ఆ 2.8 కోట్ల యూరోల్లో ఇదీ ఒక ముక్క.

తీరిపోదా అంటే, తీరదు. ఒకటి: కొన్ని షాట్లే ఉంటాయి, అయిపోతే మళ్లీ నింపాలి. రెండు: మొదట దీన్ని తయారు చేసింది వేగంగా పక్కల నుంచి వచ్చే రాకెట్ల కోసం. నిట్టనిలువునా నెమ్మదిగా దిగే డ్రోన్ ఆ రాడార్ వెతికే ఆకారం కాదు. 2023 అక్టోబర్ 7న ఒక మెర్కావా మీద డ్రోన్ నుంచి బాంబు జారవిడిచిన వీడియో ఉంది. ఆ తర్వాత డ్రోన్లకూ పనికొచ్చేలా మార్పులు చేస్తున్నారు. మూడు: పక్కన నడిచే సొంత సైనికులకు ఆ జల్లు ప్రమాదం. ట్యాంకును ఒంటరిగా పంపొద్దని చెద గారు చెప్పారు కదా, ఇప్పుడు ఆ పక్కన నడిచేవాడు ఎంత దూరంలో నడవాలో కూడా లెక్కేసుకోవాలి.

లెక్కల మాస్టారు

బరువు మాటొచ్చింది కాబట్టి ఒకటి. అమెరికా పదాతిదళానికి తోడుగా తేలికపాటి బండి కావాలని ఎం10 బుకర్ మొదలుపెట్టింది, 105 మిల్లీమీటర్ల గన్నుతో. కట్టేసరికి 38 టన్నులైంది. వాడాల్సిన స్థావరాల్లో ఒకటైన ఫోర్ట్ క్యాంప్‌బెల్‌లో 11 వంతెనలుంటే 8 దాని బరువు మోయలేవని బయటపడింది. 2025లో ప్రాజెక్టు ఆపేశారు. అబ్రామ్స్ తర్వాతి మెరుగు సెప్‌వీ4ని కూడా 2023లోనే పక్కనపెట్టి, తేలికైన ఎం1ఈ3 వైపు మళ్లారు.

ఎత్తైన కొండల మీద గాలి పలచగా ఉండి ఇంజన్ ఊపిరాడని చోట్ల బరువు ఇంకా పెద్ద సమస్య. చైనా టైప్ 15, భారత్ జోరావర్ అందుకే 105 మిల్లీమీటర్ల గన్నుతో సరిపెట్టుకున్నాయి. జోరావర్ 25 టన్నులే. దాని ఎదురుగా అబ్రామ్స్‌ను నిలబెట్టి ఏది గొప్పదని వాదించుకునేవాళ్లకు ఒక దండం.

సందేహాల పుట్ట

డబ్బు పోసినా బండి రానివి కూడా ఉన్నాయంటారు కదా మాస్టారూ?

లెక్కల మాస్టారు

కావలసినన్ని. అమెరికా మెరైన్ల కోసం నీళ్లలో దూసుకెళ్లే ఈఎఫ్‌వీ మీద 300 కోట్ల డాలర్లు పోసి 2011లో రద్దు చేశారు. బ్రిటన్ కవచ బండి ఎజాక్స్: 589 బండ్లకు 552 కోట్ల పౌండ్ల ఒప్పందం. మోత, ఊపు భరించలేక సైనికుల చెవులకు, ఒంటికి దెబ్బ తగులుతోందని ట్రయల్స్ ఆపాల్సి వచ్చింది. 2020లోనే రావాల్సినది ఏళ్లు గడిచినా తేలలేదు.

సైనికుల్ని మోసే జర్మనీ కవచ బండి ప్యూమా చూడండి. కాగితం మీద అద్భుతం: మనిషి లేని టరెట్, మార్చుకోగల కవచం. ఏ400ఎం విమానంలో పట్టాలన్న షరతు పెట్టడంతో అన్నీ ఇరికించి కట్టారు. 2022 డిసెంబర్‌లో ఒక కసరత్తులో 18కి 18 మొరాయించాయి. తర్వాత చూస్తే చాలావరకు చిన్న లోపాలే, కానీ బాగుచేసేవాళ్లు పక్కన లేకపోతే చిన్న లోపం కూడా బండిని పడుకోబెడుతుంది. రష్యా కొత్త ట్యాంకు టీ-14 అర్మాతాని 2015 విజయదినోత్సవ కవాతులో చూపించారు. 2020 నాటికి 2,300 అన్నారు. 2024లో రష్యా ప్రభుత్వ ఆయుధ సంస్థ రోస్తెక్ అధిపతి చెమెజోవ్ అది మరీ ఖరీదు, టీ-90 చవక అని తేల్చేశారు.

బ్రిటన్ చాలెంజర్ 3 దారి వేరు. 148 పాత చాలెంజర్ 2 ట్యాంకుల హల్‌లు (కింది భాగాలు) తీసుకుని కొత్త టరెట్, కొత్త గన్ను. 80 కోట్ల పౌండ్ల ఒప్పందం, ఒక్కోటి సుమారు 54 లక్షలు. కొత్త లెపర్డ్ ముందు చవకే. చిక్కేంటంటే 148తోనే ఆట కట్టు.

మోడరేటర్

డ్రోన్ తయారీ పద్ధతుల మీద వచ్చిన రెండు పోస్టులు తీసేశాను. ట్యాంకుల మీద ఎంతైనా కొట్టుకోండి, పేలుడు పదార్థాల వివరాలు ఇక్కడ వద్దు. ఎర్రచీమ గారూ, గొలుసుబండి గారిని "ముసలి బ్యాచ్" అనడం లాంటివి కాస్త తగ్గించండి.

ఎర్రచీమ

సరే సర్, తీసుకున్నాను. గొలుసుబండి అన్నా, సరదాకి అన్నాను, పట్టించుకోకు.

నా ప్రశ్న మాత్రం అలాగే ఉంది. ట్యాంకులను కొట్టే జావెలిన్ మిసైల్ ఒక్కోటి దాదాపు రెండు లక్షల డాలర్లు. ఒక అబ్రామ్స్ ప్యాకేజీ డబ్బుతో 95 వస్తాయి. వేలల్లో డ్రోన్లు వస్తాయి. రక్షించుకోవాల్సిన చిన్న దేశం ట్యాంకు ఎందుకు కొనాలి?

చరిత్ర చెద

రక్షించుకోవడానికే అయితే నీ లెక్క చాలా దూరం పనిచేస్తుంది. పోగొట్టుకున్న ఊరిని తిరిగి తీసుకోవాలంటేనే గొడవ. మిసైల్ ఆపుతుంది, డ్రోన్ ఆపుతుంది. తుపాకీ గుళ్ల మధ్య మనుషుల్ని అవతలి గట్టుకు చేర్చేది కవచమున్న బండే. అది ట్యాంకే కానక్కర్లేదు, బ్రాడ్లీ కావచ్చు, సీవీ90 కావచ్చు.

గొలుసుబండి

పట్టించుకోలేదులే తమ్ముడూ. ముసలి బ్యాచే మాది, నిజమేగా.

చవక బండ్ల మాటకొస్తే ఎంఆర్‌ఏపీలు, అంటే మందుపాతరలను తట్టుకునే అమెరికా కవచ బండ్లు గుర్తొచ్చాయి. ఇరాక్‌లో రోడ్డు పక్క బాంబులకు అడుగు చదునుగా ఉన్న హమ్వీలు (అమెరికా సైన్యపు జీపులు) చిత్తయ్యేవి. 2007లో రాబర్ట్ గేట్స్ అమెరికా రక్షణ మంత్రిగా ఉన్నప్పుడు వీ ఆకారపు అడుగున్న బండ్లను ఆగమేఘాల మీద కొన్నారు, 27,000 దాకా. పేలుడు దెబ్బ ఆ వాలు మీద నుంచి పక్కలకు చీలిపోతుంది. కొత్త కనిపెట్టుడేం కాదు, దక్షిణ ఆఫ్రికా వాళ్లు అంతకు దశాబ్దాల ముందే వాడారు. ఒక్కోటి ఐదు లక్షల నుంచి పది లక్షల డాలర్లు, కార్యక్రమం మొత్తం 4,500 కోట్ల డాలర్ల పైన. ప్రాణాలు నిలిపాయి, అందులో రెండో మాట లేదు. కానీ ఎత్తుగా, బరువుగా ఉండి అఫ్గాన్ కొండదారుల్లో బోల్తాకొట్టేవి. అక్కడికి చిన్నది ఎం-ఏటీవీ వేరే కట్టాల్సొచ్చింది. యుద్ధం తగ్గాక వాటిలో చాలా వాటిని అక్కడే కోసి తుక్కు కింద వదిలేశారు. వెనక్కి మోసుకెళ్లే ఖర్చు అంతకంటే ఎక్కువని.

సగటు పాఠకుడు

చివరిగా ఒకటి. చక్రాలా, ట్రాకులా? బాక్సర్ లాంటి ఎనిమిది చక్రాల బండ్లు ఇప్పుడు అందరూ కొంటున్నారు.

నిశాచరి

రోడ్లుంటే చక్రాలు. 2013లో మాలీలో ఫ్రెంచ్ సైన్యం చక్రాల బండ్లతో వందల కిలోమీటర్లు తమంతట తామే నడుపుకుంటూ వెళ్లింది. ట్రాక్ బండ్లైతే ట్రైలర్ల మీద ఎక్కించుకోవాలి. వసంతంలో ఉక్రెయిన్ బురదలోకి అదే చక్రాల బండిని దింపండి, మాట మారిపోతుంది. బాక్సర్‌లో నాకు నచ్చేది వెనక భాగం విడిగా ఊడి రావడం. కింది బండి అదే, పైన కావాలంటే సైనికులు కూర్చునేది, కావాలంటే అంబులెన్స్. గంటలోపే మార్చేస్తారు. కానీ అదీ 36 టన్నుల పైమాటే, చక్రాలు కదా అని తేలికనుకోకండి.

సందేహాల పుట్ట

అయితే చెప్పండి, మీ చేతికి 200 కోట్ల డాలర్లు ఇచ్చి బండ్లు కొనమంటే ముందు ఏం రాస్తారు?

ఎర్రచీమ

డ్రోన్లు, జామర్లు, మిగిలితే వాడేసిన బ్రాడ్లీలు.

లెక్కల మాస్టారు

ట్యాంకుల సంఖ్య మూడో వంతు తగ్గించి ఆ డబ్బు విడిభాగాలకు, గుండ్లకు, శిక్షణకు మళ్లిస్తాను. పత్రికలు చిన్న ఆర్డర్ అని రాస్తాయి, రాసుకోనివ్వండి.

గొలుసుబండి

మాస్టారి పద్దులో నాది ఒక లైను: రికవరీ బండ్లు. ఎవరికీ ఫొటోలు దిగాలనిపించనివి. యుద్ధంలో ఆగిపోయిన ట్యాంకుల్లో చాలా భాగం కాలిపోయినవి కావు. ట్రాక్ ఊడినవి, బురదలో దిగబడినవి. రాత్రికి లాక్కొస్తే వారంలో మళ్లీ నడుస్తాయి. వదిలేస్తే తెల్లారేసరికి ఎర్రచీమ డ్రోన్ వచ్చి తగలబెడుతుంది.

అమెరికా వాళ్ల ఎం88ఏ2 హెర్క్యులిస్‌ది ఇదే బాధ. అబ్రామ్స్ బరువెక్కీ బరువెక్కీ ఇప్పుడు ఒక సెప్‌వీ3ని లాగాలంటే రెండు ఎం88లు కావాలి. ఒకటి ముందు లాగుతుంది, రెండోది వెనక బ్రేకుకి. అంటే ఒక్క ట్యాంకు ఆగితే మూడు పెద్ద బండ్లు ఒకే చోట, మెల్లగా, వరసగా. పైన డ్రోన్ ఉంటే దానికి పండగే. పోలండ్ 250 ట్యాంకులతో పాటు కొన్న ఎం88ఏ2లు 26. అవి చాలతాయా అంటే, జతలుగా లెక్కేసుకుని మీరే చూసుకోండి.